ఎదురెళ్ళేవాడు

రెండో మ్యాచ్‌లోనే ఎదురెళ్ళేవాడి దవడ విరిగింది.

బంతి తగిలిన చప్పుడు గేటు దగ్గర కూర్చున్న కాపలావాడికి కూడా వినిపించిందట. ఎండుకట్టెను మోకాలి మీద పెట్టి విరిచినట్టు ఒకే ఒక్క చప్పుడు. మనిషి అరవలేదు. అరుద్దామంటే నోరు మాట వినలేదు. మోకాళ్ళ మీద కూలబడి, రెండు చేతులా గడ్డం పట్టుకుని, వేళ్ళ సందుల్లోంచి కారుతున్న నెత్తురును ఎవరిదో అన్నట్టు చూసుకుంటూ ఉండిపోయాడు. ఇద్దరు రెక్కలు పట్టుకుని లేపితే రెండు పళ్ళు నాలుక మీంచి జారి గడ్డిలో పడ్డాయి. అతను మళ్ళీ హాకీ కర్ర ముట్టుకోలేదు.

హాకీ తెలియనివాళ్ళకి ఇక్కడ నాలుగు ముక్కలు చెప్పాలి. పెనాల్టీ కార్నర్ అని ఒకటుంది. అది పడినప్పుడు కాపు కాసే జట్టులో గోలీ కాక నలుగురే గోలు గీత వెనక నిలబడతారు. మిగతావాళ్ళు మైదానం సగం దాకా పోవాలి. అవతలి జట్టులో ఒకడు గీత మీంచి బంతిని బయటికి నెడతాడు, ఒకడు ఆపుతాడు, ఒకడు గోలులోకి కొడతాడు. బంతి కదిలిన క్షణాన కాపు కాసే నలుగురిలో ఒకడు ఆ కొట్టేవాడి మీదికి తిన్నగా పరిగెత్తాలి. వాడే ఎదురెళ్ళేవాడు. అంత దగ్గర్లో బంతి మోకాలి పైన ఒంటికి తగిలిందా, తప్పు కొట్టినవాడిది, బంతి మనది. మోకాలి కింద తగిలిందా, మళ్ళీ కార్నరే. భయపడి పక్కకి వంగాడా, ఇక గోలే.

దవడ విరిగిన రోజు నుంచి వర్క్‌షాపు జట్టులో అందరూ వంగడం మొదలెట్టారు. తిన్నగా బయలుదేరినవాడు నాలుగు అడుగులయ్యేసరికి నీటికాలవలా పక్కకి తిరిగేవాడు. తొమ్మిది మ్యాచ్‌ల్లో ఏడు పోయాయి. గోలీని అందరూ తలుపు అనేవాళ్ళు, ఎప్పుడూ తెరిచే ఉంటుందని. అతను రోషపడేవాడు కాదు.

"ముందు నా ఎదురుగా ఒక గోడ కట్టండ్రా. తలుపు సంగతి తరవాత మాట్లాడుకుందాం" అనేవాడు.

ఇక ఒక్క మ్యాచ్ మిగిలింది, దవడ విరగ్గొట్టిన రేవు జట్టుతోనే. అందులో ఓడితే జట్టు కింది తరగతికి పడిపోతుంది. పడిపోతే జట్టే ఉండదని మేనేజరు తేల్చి చెప్పేశాడు. షెడ్ల వెనకున్న మైదానంలో ఇనుపకడ్డీలు పేర్చుకుంటామన్నాడు. కొలతలు తీసుకోడానికి ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి వెళ్ళారు కూడా.

జట్టు కోచ్ పనిముట్ల గది చూసుకునే మనిషి. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండాలి, అది హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ అతను బామ్మర్దే. వరస కలిసినవాళ్ళకీ బామ్మర్దే, కలవనివాళ్ళకీ బామ్మర్దే. మేనేజరు కూడా ఓసారి నోరు జారి "ఏం బామ్మర్దీ" అనేసి నాలిక కరుచుకున్నాడు. ఎవరి బామ్మర్ది అంటే, సమ్మెట బామ్మర్ది.

సమ్మెట కొలిమి షెడ్డు మనిషి. పదిహేనేళ్ళు పెద్ద సమ్మెట కొట్టాడు, పేరు అలా వచ్చింది. మైదానంలోనూ అదే చెయ్యి. పెనాల్టీ కార్నర్ పడిందంటే కొట్టేది అతనే. గోలు వెనక చెక్క మార్చలేక వడ్రంగి తిట్టుకునేవాడు. అతను బంతి కొడుతుంటే ఎదురెళ్ళేవాళ్ళు కుక్కని చూసిన పిల్లుల్లా చెదిరిపోయేవాళ్ళు. ఎందుకంటే సమ్మెటకి ఒక పద్ధతి ఉంది.

"ఒక్కసారి గోలు వదిలేసి మనిషిని కొట్టు. తరవాత ఎన్నాళ్ళయినా వాడే దారిస్తాడు."

ఆ పద్ధతిలోనే ఒక మిల్లు జట్టువాడి కన్ను పోయింది. సమ్మెట పది రోజులు ముద్ద ముట్టలేదని జనం చెప్పుకుంటారు. అది నిజం కాదు. ఆ పూటే కడుపునిండా తిన్నాడు. బామ్మర్దికి తెలుసు, పక్కనే కూర్చుని తనూ తిన్నాడు గనక.

అదంతా ఒకప్పటి మాట. ఇప్పుడు సమ్మెటకి నలభై నాలుగు. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని పక్కవాటుగా దిగుతాడు. కొలిమిలో ఆరేళ్ళ కిందటే సమ్మెట దించి పట్టకారు పట్టాడు. అక్కడ అదే పద్ధతి. భుజంలో వేగం తగ్గినవాడు ఇనుము పెట్టి కొట్టే దాగలి ముందు కూర్చుని, కాలిన ఇనుమును పట్టకారుతో పట్టుకోవాలి. ఇంకొకరు కొడతారు. అందులో చిన్నతనం లేదు, పెద్దరికమే ఉంది.

మైదానంలో మాత్రం అతని చేతిలో సమ్మెట ఎవరూ దించలేదు. ఎవరు దించాలి? బామ్మర్ది దించాలి. అక్కని ఇచ్చిన రోజు నుంచి బావ కర్ర మోసినవాడు, బావ గోలు కొడితే తనే కొట్టినట్టు షెడ్లన్నీ తిరిగి చెప్పుకున్నవాడు. అతను చేసిన తప్పు అదే. తొమ్మిది మ్యాచ్‌ల్లోనూ కార్నర్ పడ్డప్పుడల్లా "బావ కొడతాడు" అన్నాడు. బావ కొట్టాడు. బంతి వెళ్ళింది, కానీ మునపటిలా వెళ్ళలేదు.

తొమ్మిదో మ్యాచ్‌లో మూడు కార్నర్లు కొట్టి మూడూ ఎదుటివాళ్ళ కర్రకి అప్పజెప్పాడు. మూడోది అందుకుని వాళ్ళు పరిగెత్తుకెళ్ళి గోలు చేశారు. మ్యాచ్ పోయింది.

బట్టలు మార్చుకునే గదిలో తడి మేజోళ్ళు, నొప్పుల నూనె కలిసిన వాసన. లేతు మిషను మీద పనిచేసే మిడత ముందుగా నోరు విప్పాడు. జట్టులో అందరికంటే వేగం అతనిదే, నోరు కూడా అంతే.

"తాతా, ఆ మూడోది కొట్టావా, బంతికి జోల పాడావా?"

సమ్మెట వంగి కాలికున్న షిన్‌గార్డుల తాళ్ళు విప్పుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఊరుకోరా" అన్నాడు తలుపు.

"ఎందుకూరుకోవాలి? ముసలాయన నిద్రపోతూ కొడతాడు, మేం పరిగెత్తి పరిగెత్తి చావాలి. అక్కమొగుడు గనక కొడుతున్నాడు గానీ, లేకపోతే ఈయన్ని బెంచీ తుడవడానికైనా పిలుస్తారా?"

సమ్మెట లేచాడు. లేవడం నెమ్మదే గాని తరవాతది నెమ్మది కాదు. మిడత గొంతు పట్టుకుని ఇనుప బీరువాకేసి ఒక్క తోపు తోశాడు. బీరువా తలుపు లోపలికి సొట్టపడింది. మిడత మొహం కందిపోయింది, కాళ్ళు నేలకి అందీ అందనట్టు కొట్టుకున్నాయి. గాలాడక గిలగిలలాడుతూనే వాడు మోకాలెత్తి సమ్మెట చెడ్డ మోకాలి మీద గురిచూసి పొడిచాడు. పెద్ద మనిషి కోసిన చెట్టులా పడ్డాడు. పడ్డవాణ్ణి వాడు కాలితో డొక్కలో తన్నాడు. ఇంకోటి తన్నబోయేలోపు బామ్మర్ది వచ్చి వాడి మొహం మీద గుద్దాడు. వాడు తిరిగి గుద్దాడు. ఇద్దరూ బెంచీ మీద పడ్డారు, బెంచీ విరిగింది. మిడత ముక్కు పగిలి నెత్తురు గోడ మీద చిమ్మింది. బామ్మర్ది వాడి జుట్టు పట్టుకుని తల నేలకేసి కొట్టబోతున్నాడు.

"ఒరేయ్, వదులు" అన్నాడు సమ్మెట కింద నుంచే.

"నిన్ను తన్నాడు బావా!"

"తన్నాడు. వాడన్నదాంట్లో తప్పేముంది?"

గది చల్లబడింది. సమ్మెట గోడ పట్టుకుని లేచి, కర్ర చంకలో పెట్టుకుని, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు బామ్మర్దికి కొలిమి షెడ్డు నుంచి కబురొచ్చింది. వెళ్తే సమ్మెట దాగలి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. పట్టకారులో ఎర్రటి కడ్డీ. ఎదురుగా కొట్టేవాడు సమ్మెట ఎత్తి నిలబడ్డాడు.

"ఇనుము చూడకు. నా కళ్ళు చూడు" అన్నాడు సమ్మెట బామ్మర్దితో.

సమ్మెట పడింది. నిప్పురవ్వలు అతని బుగ్గ మీదికీ కనుబొమల్లోకీ ఎగిరాయి. మొహానికీ దెబ్బకీ మధ్య మూరెడు దూరం. మళ్ళీ పడింది. పది దెబ్బలు పడ్డాయి. కడ్డీ చల్లారి నల్లబడింది.

"ఏం చూశావు?"

"రెప్ప వెయ్యలేదు బావా."

"వెయ్యకూడదు. రెప్ప పడితే చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే ఇనుము జారుతుంది. అప్పుడు నా వేళ్ళో, వాడి కాలో పోతుంది. ఇక్కడ ఒక్కసారి రెప్ప పడినవాణ్ణి మర్నాడు కూర్చోనివ్వరు." చల్లారిన కడ్డీని నీళ్ళ తొట్టిలో ముంచాడు. తొట్టి బుస్సుమంది. "ఇక కొట్టడం నావల్ల కాదు. అది ఆ మిడతగాడికి తెలుసు, నాకూ తెలుసు, నువ్వొక్కడివే తెలియనట్టు నటిస్తున్నావు. రేవు వాళ్ళతో నేను ఎదురెళ్తాను."

"మరి మోకాళ్ళు..." అన్నాడు బామ్మర్ది.

"పది అడుగులకి మోకాళ్ళెందుకు? ఎప్పుడు బయలుదేరాలో తెలిస్తే చాలు. ఇరవై ఏళ్ళు కొట్టినవాణ్ణి. నెట్టేవాడు ఎప్పుడు నెడతాడో వాడికంటే ముందు నాకు తెలుస్తుంది."

"అక్కడ కొట్టేది గునపం, బావా."

గునపం ఒకప్పుడు ఇదే వర్క్‌షాపు కుర్రాడు. సమ్మెట వేలు పట్టుకుని నేర్పితే నేర్చుకుని, రేవులో ఉద్యోగమొస్తే అటు వెళ్ళిపోయాడు. మొదటి ఎదురెళ్ళేవాడి దవడ విరగ్గొట్టినదీ వాడే. మనిషిని కొట్టే పద్ధతి మరిచిపోలేదు.

"తెలుసు. అందుకే నేను" అన్నాడు సమ్మెట.

అక్క పనిచేసేది వర్క్‌షాపు కట్లగదిలో. తెగిన వేళ్ళు, కాలిన చేతులు, కంట్లో పడ్డ ఇనుపరజను, అన్నీ ఆమె చేతిమీదుగానే వెళ్ళాలి. మ్యాచ్ రోజు పొద్దున బామ్మర్ది వెళ్ళేసరికి దూది ఉండలు చేస్తోంది.

"ఆయన మోకాళ్ళకి రోజూ నూనె రాసేది నేనురా" అంది తల తిప్పకుండా. "సంచిలో గులకరాళ్ళు పోసినట్టుంటాయి. ఆ మనిషిని తీసుకెళ్ళి బంతికి ఎదురు నిలబెడతావా?"

"అక్కా, మైదానం పోతుంది."

"పోనీ. నాకు జొరమొస్తే మైదానం వచ్చి వండిపెడుతుందా?"

"బావే అడిగాడు."

"ఆయన అడుగుతాడు. చచ్చేదాకా అడుగుతాడు. ఇవ్వాలో వద్దో చూడాల్సింది నువ్వు." అప్పుడు తిరిగి సూటిగా చూసింది. "ఒక్క మాట చెబుతా, విను. సాయంత్రం ఆయన తన కాళ్ళ మీద తను నడిచి ఈ గదిలోకి రావాలి. మోసుకొచ్చావంటే నీకు అక్క లేదు."

మధ్యాహ్నం మైదానం చుట్టూ షెడ్లన్నీ ఖాళీ చేసుకుని జనం నిలబడ్డారు. రేవు వాళ్ళు మొదటి నిమిషం నుంచే కర్రలు బంతికి కాక కాళ్ళకి వేశారు. ఒకడు సమ్మెట పక్కనుంచి పోతూ మోచేత్తో నోటి మీద కొట్టాడు. సమ్మెట పెదవి చీలింది. నాలిక్కి తగిలిన నెత్తురు ఉమ్మి, ఆ పోయినవాడి మడమకి కర్ర వంపు తగిలించి ఒక్క లాగు లాగాడు. వాడు బొక్కబోర్లా పడి ముక్కు నేలకి గీరుకున్నాడు. అంపైర్ చూడలేదు. చూసిన జనం కేకలేశారు.

మొదటి కార్నర్ పడింది. సమ్మెట గోలు గీత వెనక నిలబడి, మొహానికి తొడుక్కునే మాస్కు తీసి వలలోకి విసిరేశాడు.

"అన్నా, తొడుక్కో" అన్నాడు తలుపు కంగారుగా.

"ఇందులోంచి వాడి కాళ్ళు కనపడవు."

అతను చూస్తున్నది నెట్టేవాడి కుడి మడమ. నెట్టబోయే ముందు ఆ మడమ గోరంత లేస్తుంది. లేచింది. సమ్మెట అప్పటికే గాలిలో ఉన్నాడు. మిగతావాళ్ళకంటే ఒక అడుగు ముందు. మోకాళ్ళు కీచుమంటున్నా తిన్నగా, ఇంచు వంగకుండా వెళ్ళాడు. గునపం కర్ర వంపులో బంతిని ఈడ్చి విసిరాడు. అది సమ్మెట తొడలో దిగబడింది. తడిగోనెని కర్రతో బాదినట్టు చప్పుడు. అంపైర్ చెయ్యి అటు చూపించాడు. బంతి వర్క్‌షాపుది.

సమ్మెట పడలేదు. కుంటుకుంటూ నిలబడ్డాడు.

"గురువుగారూ, మీకెందుకండీ ఈ వయసులో?" అన్నాడు గునపం, గొంతులో తేనె పోసుకుని. "మీకు తగిలితే నొప్పి నాకు."

"మరీ కిందికేశావు. నేర్పింది మరిచిపోయావా?"

గునపం మొహంలో నవ్వు ఆరిపోయింది.

రెండో బంతి భుజమ్మీద తగిలింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా మొద్దుబారి తాడులా వేలాడింది. సమ్మెట ఈసారి పడ్డాడు, కానీ అతను ఇంకా నేల మీద ఉండగానే తలుపు బంతి అందుకుని మిడతకి తోశాడు. మిడత ముగ్గుర్ని దాటుకుంటూ మైదానం ఆ చివరి దాకా పరిగెత్తి గోలు కొట్టాడు. జనం రేకుల మీద కర్రలతో మోత మోగించారు. మిడత తిరిగొచ్చి, సమ్మెటకి చెయ్యందించి లేపాడు. లేపేటప్పుడు ఏమీ అనలేదు. వాడి నోట మాట రాకపోవడం అదే మొదటిసారి.

విరామం తరవాత రేవు వాళ్ళు ఒక గోలు చేసి సమం చేశారు. ఆట కాస్తా కొట్లాటైపోయింది. ఒకడికి చెవి తెగింది. ఇంకొకడి కర్ర రెండు ముక్కలై, ఒక ముక్క ఎగిరి ఫెన్సింగు అవతల పడింది. ఇలాగే ముగిస్తే చాలు, జట్టు నిలబడుతుంది. బామ్మర్ది గోళ్ళు కొరుక్కుంటూ గీత పక్కన అటూ ఇటూ తిరిగాడు.

మూడో కార్నర్‌లో గునపం గోలు వైపు చూడనేలేదు. సమ్మెట గుండెలకేసి విసిరాడు. డొక్కలో లోపలెక్కడో రెండు ఎముకలు విరిగిన సంగతి బామ్మర్దికి గీత దగ్గరికే తెలిసింది. చప్పుడు చిన్నదే. సమ్మెట రెండు చేతులా కడుపు పట్టుకుని ముందుకు వంగి, వంగినవాడు వంగినట్టే కొంతసేపు ఉన్నాడు. దగ్గితే నోట్లోంచి ఎర్రటి నురగ వచ్చింది. చేత్తో తుడిచి నిక్కరుకి రాసుకున్నాడు. బంతి మళ్ళీ వర్క్‌షాపుదే. గునపం చూపు తిప్పుకున్నాడు.

ఆఖరి నిమిషంలో నాలుగో కార్నర్ పడింది. వెంటనే ఆట ముగిసిన హారన్ మోగింది. కాని కార్నర్ పడ్డాక అది అయిపోయేదాకా ఆట అయిపోదు. ఒకే ఒక్క బంతి మిగిలింది. గోలైతే మైదానం మీద ఇనుపకడ్డీలే.

అంపైర్ సమ్మెట నోటి దగ్గర నెత్తురు చూసి ఆగాడు. వేలితో బామ్మర్దిని పిలిచాడు.

"మీవాడు ఆడగలడా, లేడా? ఒక్క మాట చెప్పండి. తీసేస్తే కార్నర్ అయ్యేదాకా ఇంకొకణ్ణి పంపడానికి లేదు. గోలీ కాక ముగ్గురే."

"ఆడతా" అన్నాడు సమ్మెట.

"మిమ్మల్నడగలేదు. కోచ్ చెప్పాలి."

బామ్మర్ది ఫెన్సింగు వైపు చూశాడు. అక్క అక్కడే ఉంది, తెల్ల కోటులో. చెయ్యి ఊపలేదు, తల ఆడించలేదు, ఊరికే చూస్తోంది. గోలు దగ్గర తలుపు తొడుగుల చేతులు దించుకుని ఇటే చూస్తున్నాడు. షెడ్ల జనమంతా ఇటే చూస్తున్నారు.

"చెప్పరా" అన్నాడు సమ్మెట పళ్ళ సందున. "ఆడతాడని చెప్పు. నీకు పుణ్యముంటుంది."

ఇన్నేళ్ళలో బావ అతన్ని బతిమాలడం అదే మొదలు. బామ్మర్ది దగ్గరికి వెళ్ళాడు. వెళ్ళి, మొహానికి మూరెడు దూరంలో రెండు చేతులూ ఫట్‌మని చరిచాడు.

సమ్మెట రెప్ప పడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చరుపు ఎందుకో మైదానంలో ఆ ఇద్దరికే తెలుసు.

"ఆడలేడు" అన్నాడు బామ్మర్ది.

సమ్మెట ఒక్క క్షణం కొయ్యలా నిలబడ్డాడు. తరవాత నడిచాడు. గోలు పక్కనుంచి పోతూ మిడత దగ్గర ఆగాడు.

"కుడి మడమ చూడు. లేవగానే పో. వంగావంటే చంపేస్తా."

వచ్చి బామ్మర్ది పక్కన నిలబడ్డాడు. అతని ఊపిరిలో ఏదో గిలక్కాయలా మోగుతోంది.

గీత వెనక ముగ్గురు. ముందు మిడత, మాస్కు లేకుండా. అది సమ్మెటని చూసి విసిరేశాడో, కంగారులో మరిచాడో తెలియదు. బంతి కదిలింది. మిడత బాణంలా వెళ్ళాడు. అతనికి సమ్మెట తెలివి లేదు, ఒక క్షణం ఆలస్యంగా బయలుదేరాడు, కానీ కాళ్ళు ఇరవై రెండేళ్ళవి. గునపం ఎదురుగా వస్తున్నవాణ్ణి చూశాడు. వంగుతాడని చూశాడు. వాడు వంగలేదు. గునపం విసిరిన బంతి వాడి మెడ పక్కన ఎముకకి తగిలి, ఎముక విరిగి, చర్మం కింద కొసలేచింది. మిడత వెనక్కి విరుచుకుపడి తల కొట్టుకున్నాడు. బంతి నెమ్మదిగా దొర్లి దొర్లి వాడి పొట్ట దగ్గర ఆగింది.

అంపైర్ చెయ్యి వర్క్‌షాపు వైపు లేచింది. అంతే, అయిపోయింది.

జనం ఫెన్సింగు దూకి లోపలికి వచ్చారు. బామ్మర్ది రెండు చేతులూ పైకెత్తి బావ వైపు తిరిగాడు. తిరిగిన మొహం మీద సమ్మెట పిడికిలి దిగింది. ఎత్తి ఉన్న చేతులు అలాగే ఉండగా వెల్లకిలా పడ్డాడు. నోట్లో ఉప్పగా, వేడిగా ఏదో నిండింది. ఆకాశంలో రెండు సూర్యుళ్ళు కనపడ్డారు. సమ్మెట పైన నిలబడి చూశాడు, ఇంకోటి వెయ్యడానికి చెయ్యి వెనక్కి తీశాడు, తీసిన చేత్తో డొక్క పట్టుకుని పక్కనే కూలబడ్డాడు.

కాసేపటికి ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని లేచారు. అలాగే కట్లగదికి నడిచారు. మిడతని మాత్రం తలుపు వీపున వేసుకుని తెచ్చాడు.

అక్క ముగ్గుర్నీ బెంచీ మీద వరసగా కూర్చోబెట్టింది. పెద్దాసుపత్రికి బండి పంపమని ఫోన్ చేసి, కత్తెర తీసుకుంది. ముందు మిడత చొక్కా కోసి ఎముక కదలకుండా చేతిని ఒంటికి కట్టేసింది. తరవాత మొగుడి చొక్కా తీసింది. డొక్కంతా వంకాయ రంగు తిరిగింది. వేలితో తడిమి చూసి పెదవి కొరుక్కుంది. తమ్ముడి దగ్గరికి ఆఖరున వచ్చింది.

"నడిచే వచ్చాడా?"

"నడిచే వచ్చాడక్కా."

"మరి నీ ముందు పన్నేది?"

బామ్మర్ది నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని బావ వైపు చూపించాడు. సమ్మెట పిడికిలి తెరిచాడు. వేలి గణుపు మీద లోతుగా పంటి గాటుంది.

"బాగా అయింది, ఇద్దరికీ" అంది అక్క. తమ్ముడి చిగుట్లో దూది కుక్కి "కరుచుకో" అంది. అవసరమైనదానికంటే గట్టిగానే కుక్కింది. తరవాత అతని తలమీద ఒక్క క్షణం చెయ్యి ఉంచి తీసేసింది.

బయట జనం ఇంకా రేకులు మోగిస్తున్నారు.

"నిజంగానే రెప్ప పడిందా?" అన్నాడు సమ్మెట, ఎదురుగోడని చూస్తూ.

"పడింది బావా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

సమ్మెట తలూపాడు. ఎంతసేపో అలా ఊపుతూనే ఉన్నాడు.

అప్పుడు మిడత మూలుగుతూ కళ్ళు తెరిచాడు. "తాతా... వాడు కుడి మడమ లేపాడా?"

"నువ్వు చూళ్ళేదా?"

"లేదు. కళ్ళు మూసుకుని వెళ్ళా."

సమ్మెటకి అది తలకెక్కడానికి కొంచెంసేపు పట్టింది. ఎక్కాక నవ్వు ఆగలేదు. విరిగిన డొక్క రెండు చేతులా అదిమిపట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుస్తూ, నొప్పికి అరుస్తూ, మధ్యలో తిడుతూ నవ్వాడు.

"ఒరేయ్, నవ్వించకురా, చస్తాను... కళ్ళు మూసుకుని! పట్టకారు పట్టాల్సినవాడు కళ్ళు మూసుకుని! రేపు పొద్దున కొలిమికి రా, నీ సంగతి తేలుస్తా."

"రేపు ఎవరూ ఎక్కడికీ రారు" అంది అక్క. "చెయ్యి ఇటివ్వు. ఆ గాటు కడగాలి."

సమ్మెట చెయ్యి చాపాడు. మందు పోస్తుంటే చురుక్కుమన్నట్టుంది, రెప్పలు టపటపలాడించాడు. ఈసారి దాచుకోలేదు.